ఇంగ్లండ్‌లో అద్దె డిపాజిట్, మొదటి నెల అద్దెకు కౌన్సిల్ సాయం: ఏది ముందు, ఏది తర్వాత

ఇంగ్లండ్‌లో ఇల్లు మారాలంటే తాళాలు చేతికి రాకముందే రెండున్నర వేల పౌండ్లకు పైగా కట్టాల్సి రావచ్చు. చిన్న జీతంతోనో, తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌తోనో నెట్టుకొచ్చే కుటుంబం దగ్గర అంత డబ్బు ఒకేసారి ఉండదు. ఇలాంటివారి డిపాజిట్‌కు, ముందస్తు అద్దెకు సాయం చేయడానికి స్థానిక కౌన్సిల్ దగ్గర నిధులుంటాయి. కానీ చాలామంది ముందు ఇల్లు చూసుకుంటారు, అగ్రిమెంట్ మీద సంతకం పెడతారు, తెలిసినవాళ్ల దగ్గర చేబదులు తెచ్చి కట్టేస్తారు, ఆ తర్వాత కౌన్సిల్‌కు దరఖాస్తు పెడతారు. కట్టేసిన డబ్బును కౌన్సిల్ సాధారణంగా తిరిగివ్వదు. ఎలాగో కట్టగలిగారు కాబట్టి సాయం అవసరం లేదన్నది వాళ్ల లెక్క. అందుకే ఇక్కడ వరస ముఖ్యం: ముందు కౌన్సిల్ మాట, తర్వాతే ఇంటికి సంతకం.

ఇక్కడ చెప్పే నియమాలు ఇంగ్లండ్‌వి. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో పథకాలు వేరు.

అన్నిటికంటే ముందు వీసా

స్టూడెంట్, గ్రాడ్యుయేట్, స్కిల్డ్ వర్కర్ వీసాలమీద, వాళ్ల డిపెండెంట్లుగా ఉన్నవారికి దాదాపు ఎప్పుడూ ‘పబ్లిక్ ఫండ్స్ తీసుకోరాదు’ అన్న షరతు ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్, అద్దెకు సాయంగా వచ్చే హౌసింగ్ బెనిఫిట్, ఇల్లు లేనివారికి కౌన్సిల్ చేసే గృహ సాయం ఇవన్నీ పబ్లిక్ ఫండ్స్ కిందికే వస్తాయి. పొరపాటున తీసుకున్నా తర్వాతి వీసా దరఖాస్తుకు ఇబ్బందే. మీ ఈ-వీసా, అంటే ఆన్‌లైన్ వీసా రికార్డు, తెరిచి చూస్తే షరతు ఉందో లేదో కనిపిస్తుంది.

పీఆర్, అంటే ఇండెఫినిట్ లీవ్, ఉన్నవారూ బ్రిటిష్ పౌరులూ నిరభ్యంతరంగా అడగవచ్చు. దీనికి ఒక మినహాయింపు ఉంది. పిల్లల స్పాన్సర్‌షిప్‌తో, పోషణ బాధ్యత మాదేనని వాళ్లు రాసిచ్చిన హామీ పత్రంతో ఇండియా నుంచి వచ్చిన వృద్ధ తల్లిదండ్రులు పీఆర్ చేతిలో ఉన్నా మామూలుగా అయిదేళ్లపాటు ఈ బెనిఫిట్లు తీసుకోకూడదు. భార్యాభర్తల్లో ఒకరికి పీఆర్ ఉండి, రెండోవారు డిపెండెంట్ షరతుమీద ఉంటే క్లెయిమ్ వేయవచ్చు గానీ, షరతు ఉన్నవారి కారణంగా వచ్చే సొమ్ము పెరగకూడదు. ఇలాంటి కుటుంబాలు గుర్తింపు ఉన్న ఇమిగ్రేషన్ సలహాదారును ఒకసారి అడిగాకే ముందుకెళ్లడం మంచిది. వాట్సాప్ గ్రూపులో దొరికే సమాధానం ఇక్కడ పనికిరాదు.

షరతు ఉన్న కుటుంబానికి కూడా, 18 ఏళ్లలోపు పిల్లలుండి రోడ్డున పడే పరిస్థితి వస్తే, ఒక దారి మిగిలి ఉంటుంది. 1989 చిల్డ్రన్ యాక్ట్‌లోని సెక్షన్ 17 కింద కౌన్సిల్ పిల్లల సంక్షేమ విభాగం గూడు చూపించగలదు, డబ్బూ ఇవ్వగలదు. అది ఇమిగ్రేషన్ లెక్కలో పబ్లిక్ ఫండ్ కాదు. కాకపోతే అది హౌసింగ్ కౌంటర్ పని కాదు. సోషల్ వర్కర్ వచ్చి మీ డబ్బు సంగతులన్నీ తరచి చూస్తారు.

డబ్బు ఏ సంచిలోంచి రావాలి

కౌన్సిల్‌లో ‘డిపాజిట్ సాయం’ అని ఒకే ఒక్క కిటికీ ఉండదు. తప్పు ఫారం నింపితే వారాలు గడిచాక ‘మీరు ఈ పథకానికి అర్హులు కారు’ అని ఒక వాక్యం వస్తుంది. ఏది మీదో ముందే తేల్చుకోండి.

మొదటిది, యూనివర్సల్ క్రెడిట్‌లో అద్దె భాగం గానీ హౌసింగ్ బెనిఫిట్ గానీ ఇప్పటికే వస్తున్నవారిది. దీన్ని ఏళ్ల తరబడి డిస్క్రిషనరీ హౌసింగ్ పేమెంట్, వాడుకలో డీహెచ్‌పీ, అన్నారు. 2026 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండ్‌లో దీన్నీ, ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు కౌన్సిల్ ద్వారా ఇచ్చిన హౌస్‌హోల్డ్ సపోర్ట్ ఫండ్‌నూ కలిపి క్రైసిస్ అండ్ రెజిలియన్స్ ఫండ్ చేశారు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పాత పేరు దొరక్కపోతే ‘హౌసింగ్ పేమెంట్’ అని వెతకండి. కొత్త ఇల్లు పక్క బరోలో, అంటే వేరే కౌన్సిల్ పరిధిలో, ఉన్నా, అడగాల్సింది మీరు ప్రస్తుతం ఉంటున్న కౌన్సిల్‌నే. ఈస్ట్ హామ్‌లో ఉంటూ స్లౌలో ఇల్లు చూసుకున్నవారు స్లౌ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టి నెల పోగొట్టుకోవడం మామూలు.

రెండోది, ఇల్లు పోయే ప్రమాదంలో ఉన్నవారిది. 2018 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ యాక్ట్ ప్రకారం, 56 రోజుల్లోపు ఇల్లు లేకుండా పోయే అవకాశం ఉన్న అర్హులందరికీ కౌన్సిల్ నివారణ సాయం చేసి తీరాలి. దీనికి యూనివర్సల్ క్రెడిట్ ఉండాలన్న నిబంధన లేదు. పిల్లలుండాలని, అనారోగ్యం ఉండాలని కూడా లేదు. ‘ఒంటరి మగవాళ్లకు ఏమీ ఇవ్వరు’ అన్న మాట తాత్కాలిక వసతి విషయంలో కొంత నిజమే గానీ, ఈ నివారణ దశకు వర్తించదు. దరఖాస్తు పెట్టాక కౌన్సిల్ మీకు ‘పర్సనలైజ్డ్ హౌసింగ్ ప్లాన్’ అనే కాగితం రాసివ్వాలి. డిపాజిట్ సాయం మాట ఆఫీసర్ నోటితో చెబితే చాలదు. ఆ కాగితంలో కౌన్సిల్ చేయాల్సిన పనుల కింద రాయించుకోండి. ఆ పనుల మీద చట్టప్రకారం పునఃసమీక్ష కోరే హక్కు ఉంటుంది. నోటి మాటకు అది ఉండదు.

మూడోది బాండు. కొన్ని కౌన్సిళ్లు డిపాజిట్ నగదుగా ఇవ్వకుండా, ‘ఇంటికి నష్టం జరిగితే ఇంతవరకూ మేం కడతాం’ అని ఇంటి ఓనర్‌కు హామీపత్రం ఇస్తాయి. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఏజెంట్లు చాలామంది ఒప్పుకోరు. నేరుగా ఇల్లు అద్దెకిచ్చే చిన్న ఓనర్ల దగ్గరే ఇది ఎక్కువగా పనిచేస్తుంది. తర్వాత ఓనర్ క్లెయిమ్ చేస్తే కౌన్సిల్ ఆ సొమ్మును మీ దగ్గర వసూలు చేస్తుందా లేదా అన్నది ఒప్పందంలో ఉంటుంది. చదివాకే సంతకం పెట్టండి.

కౌన్సిల్‌తో సంబంధం లేనిది ఇంకొకటుంది: యూనివర్సల్ క్రెడిట్ బడ్జెటింగ్ అడ్వాన్స్. ఒంటరివారికి 348, జంటకు 464, పిల్లలున్నవారికి 812 పౌండ్లవరకు ఇస్తారు. సాధారణంగా ఆరు నెలలుగా బెనిఫిట్ వస్తూ ఉండాలి. గత ఆరు నెలల సంపాదన ఒంటరివారికి 2,600, జంటకు 3,600 పౌండ్లు దాటకూడదు. ఇది అప్పు, తర్వాతి నెలల సొమ్ములోంచి కోసుకుంటారు. మొత్తం డిపాజిట్‌కు చాలదు గానీ, కౌన్సిల్ ఇవ్వని హోల్డింగ్ డిపాజిట్‌కూ వ్యాను ఖర్చుకూ అక్కరకొస్తుంది.

ఎంత అడగాలి: లెక్క

అద్దె నెలకు 1,250 పౌండ్లనుకోండి. ఏడాదికి 15,000. దాన్ని 52తో భాగిస్తే వారానికి 288.46. ఏడాది అద్దె 50,000 పౌండ్లలోపు ఉంటే డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించకూడదని 2019 టెనెంట్ ఫీజ్ యాక్ట్ చెబుతోంది. అంటే 1,442.30 పౌండ్లు. దీనికి మొదటి నెల అద్దె కలిపితే 2,692.30. ఇల్లు మీకోసం ఆపి ఉంచడానికి తీసుకునే హోల్డింగ్ డిపాజిట్ ఒక వారం అద్దె, 288.46, దాటకూడదు. తర్వాత దాన్ని మామూలుగా అద్దెలోనో డిపాజిట్‌లోనో సర్దుతారు.

కొందరు ఓనర్లు నెల అద్దెను నాలుగుతో భాగించి అయిదుతో గుణిస్తారు. అప్పుడు 1,562.50 వస్తుంది, అంటే 120 పౌండ్లు అదనం. అది చట్టవిరుద్ధం. అంతకంటే మీకు తగిలే దెబ్బ ఏమిటంటే, కౌన్సిల్ ఆఫీసర్ ఆ అంకె చూసి దరఖాస్తును వెనక్కి పంపుతారు, లెక్క సరిచేయించేలోపు ఇల్లు ఇంకొకరికి వెళ్లిపోతుంది. మీరే ముందు లెక్క కట్టుకుని ఏజెంట్‌తో సరిచేయించండి.

గ్యారంటర్ లేడని ఆరు నెలల అద్దె, ఒక్కోసారి ఏడాది అద్దె ముందే కట్టించుకోవడం ఇండియా నుంచి వచ్చినవాళ్లకు బాగా తెలిసిన బాధ. రెంటర్స్ రైట్స్ యాక్ట్ 2025 కింద 2026 మే 1 నుంచి మామూలు ప్రైవేటు ఇళ్ల కొత్త ఒప్పందాల్లో అది కుదరదు. ఒప్పందంపై సంతకాలు కాకముందు అద్దె పేరుతో ఏమీ తీసుకోకూడదు, అయ్యాక ఇంట్లో చేరేలోపు ఒక నెల అద్దెకు మించి అడగకూడదు. ప్రకటించిన అద్దెకంటే ఎక్కువ ఇస్తామన్నా తీసుకోకూడదు. కాబట్టి కౌన్సిల్‌ను ఒక నెలకు మించి ముందస్తు అద్దె అడగాల్సిన పనిలేదు. అడిగితే అనుమానపడతారు.

పాత ఇంటి డిపాజిట్ తిరిగి రావాల్సి ఉంటే ఆ మాట మీరే చెప్పండి. ఎప్పుడు వస్తుంది, ఎంత కోత పడొచ్చు అన్నది రాస్తే కౌన్సిల్ ఆ లోటుకు సాయం ఆలోచిస్తుంది. దాచిపెడితే, అది బయటపడినప్పుడు మొత్తం దరఖాస్తే పోతుంది.

ఆ ఇంటి అద్దె మీరు మోయగలరా

డిపాజిట్ దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యేది ఎక్కువగా ఇక్కడే. రేపు అద్దె కట్టలేక మళ్లీ తన గుమ్మం ముందుకే వచ్చే కుటుంబానికి కౌన్సిల్ ఇవాళ డబ్బు పెట్టదు.

మొదట లోకల్ హౌసింగ్ అలవెన్స్, అంటే ఎల్‌హెచ్‌ఏ, చూడండి. ప్రైవేటు అద్దెకు బెనిఫిట్ గరిష్ఠంగా ఎంత ఇస్తారో చెప్పే రేటు అది. ప్రభుత్వ ‘ఎల్‌హెచ్‌ఏ డైరెక్ట్’ పేజీలో పోస్ట్‌కోడ్ కొడితే తెలుస్తుంది. 2024 ఏప్రిల్‌లో పెంచిన రేట్లే ఇంకా నడుస్తున్నాయి, అద్దెలు మాత్రం ఆగలేదు. ఎన్ని గదులకు ఇస్తారన్నది మీ ఇష్టం కాదు: పదేళ్లలోపు పిల్లలిద్దరికీ ఒకే గది లెక్క, 16 ఏళ్లలోపు ఇద్దరు అబ్బాయిలకైనా ఇద్దరు అమ్మాయిలకైనా ఒకే గది. 35 ఏళ్లలోపు ఒంటరివారికి, కొన్ని మినహాయింపులు తప్ప, షేరింగ్ ఇంట్లో ఒక గది రేటే ఇస్తారు. విడిగా స్టూడియో ఫ్లాట్‌కు డిపాజిట్ అడిగితే అక్కడే ఆగిపోతుంది.

రెండోది బెనిఫిట్ క్యాప్. పని లేని, లేదా చాలా తక్కువ సంపాదన ఉన్న కుటుంబానికి అన్ని బెనిఫిట్లూ కలిపి గ్రేటర్ లండన్‌లో ఏడాదికి 25,323, బయట 22,020 పౌండ్లు దాటనివ్వరు. అద్దె ఎల్‌హెచ్‌ఏ లోపలే ఉన్నా క్యాప్ తగిలి చేతికొచ్చేది తగ్గిపోవచ్చు.

మిగతాది ఆదాయ వ్యయాల పట్టికతో తేలుతుంది. అద్దెకూ ఎల్‌హెచ్‌ఏకూ మధ్య 80 పౌండ్ల తేడా ఉంటే, ఆ 80 ఎక్కడినుంచి వస్తుందో పట్టికలో కనిపించాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఇండియాకు పంపిన డబ్బు ఉంటే ప్రశ్న తప్పదు. అమ్మానాన్నల మందులకా, పాత అప్పు వాయిదాకా, ఇకమీదట ఎంత పంపుతారు అన్నది ముందే ఒక వాక్యంలో రాసిపెట్టండి. ఊళ్లో ప్లాటు, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్, అమ్మితే డబ్బొచ్చే ఇంకో ఇల్లు ఇవన్నీ యూనివర్సల్ క్రెడిట్ లెక్కలో ఆస్తులే. ఇండియాలో ఉన్నాయి కాబట్టి చెప్పక్కర్లేదనుకోవద్దు. 6,000 పౌండ్లు దాటితే బెనిఫిట్ తగ్గుతుంది, 16,000 దాటితే మామూలుగా ఆగిపోతుంది.

ఇల్లు చూడకముందే అడగండి

ఇల్లు దొరక్కముందే కౌన్సిల్‌కు రాయవచ్చా అని చాలామంది సందేహిస్తారు. రాయాలి. మీ ఇప్పటి అద్దె, ఎన్ని గదులు కావాలి, ఎందుకు మారాలి, ఎంత అద్దెలోపు ఇల్లు చూస్తే సాయం ఇస్తారు అన్న నాలుగు విషయాలతో ఈమెయిల్ పంపండి. అన్ని కౌన్సిళ్లూ కచ్చితమైన హామీ ఇవ్వవు గానీ, ‘ఇంతవరకూ అయితే పరిశీలిస్తాం’ అన్న ఒక్క లైను వచ్చినా అది ఏజెంట్ ముందు పెట్టడానికి పనికొస్తుంది. ఆ గరిష్ఠ అద్దె తెలియకుండా ఇళ్లు చూడటం వృథా.

ఎందుకు మారాలి అన్నదానికి ఆధారం జతచేయండి: ఓనర్ ఇచ్చిన నోటీసు, ఇరుకు గురించి హెల్త్ విజిటర్ (చిన్నపిల్లల ఇళ్లకు వచ్చే నర్సు) లేఖ, తేమతో పిల్లలకు ఉబ్బసం అంటూ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) ఇచ్చిన ఉత్తరం, ఉద్యోగం మారిన ఆఫర్ లెటర్. స్నేహితుల ఇంట్లో ఉంటుంటే, ఎప్పటిలోపు ఖాళీ చేయమంటున్నారో వాళ్ల చేత రాయించండి. నోటీసు వచ్చింది కదా అని మీరే ముందుగా ఇల్లు వదిలి వెళ్లొద్దు. ‘కావాలనే ఇల్లు పోగొట్టుకున్నారు’ అని కౌన్సిల్ తేలిస్తే తర్వాతి దశల్లో మీ హక్కులు బాగా తగ్గిపోతాయి. 2026 మే నుంచి కారణం చూపని సెక్షన్ 21 నోటీసులు లేవు. ఓనర్ ఇల్లు అమ్ముతానన్నా, తానే చేరతానన్నా నాలుగు నెలల నోటీసివ్వాలి. ఆ నాలుగు నెలలూ మీ సమయమే.

ఇల్లు దొరికాక: పదిహేను రోజుల గడియారం

హోల్డింగ్ డిపాజిట్ కట్టిన రోజు నుంచి ఒప్పందం కుదరడానికి చట్టం ఇచ్చే గడువు మామూలుగా 15 రోజులు. కౌన్సిల్ నిర్ణయానికి అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. మీరు సకాలంలో అడుగులు వేయలేదని ఏజెంట్ తేలిస్తే ఆ సొమ్ము ఉంచేసుకునే వీలుంటుంది. దీనికి మందు చట్టంలోనే ఉంది: ఇరువైపులా రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు మార్చుకోవచ్చు. డబ్బు కట్టకముందే, ‘డిపాజిట్ కౌన్సిల్ నుంచి వస్తోంది, ఒప్పందం గడువు ఫలానా తేదీ’ అని ఏజెంట్ చేత ఈమెయిల్‌లో రాయించుకోండి. కట్టాక అడిగితే వినరు.

అలాగే బెనిఫిట్లమీద ఉన్నారని, పిల్లలున్నారని ఇల్లు చూపించకపోవడం ఇప్పుడు చట్టవిరుద్ధం. అద్దె భరించగలరా అని ఆదాయం చూడటం మాత్రం తప్పు కాదు.

కౌన్సిల్ అడిగే కాగితాలు

గుర్తింపు కార్డు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, యూనివర్సల్ క్రెడిట్ తాజా స్టేట్‌మెంట్, ఇంట్లో పెద్దవాళ్లందరి అన్ని ఖాతాల రెండు మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పులు. వాడని ఖాతా అయినా వదలొద్దు. ఒక ఖాతానుంచి ఇంకో ఖాతాకు వెళ్లిన పది పౌండ్లు చూసి ఆ రెండో స్టేట్‌మెంట్ అడగడంతోనే వారం పోతుంది.

ఓనర్ నుంచి లేదా ఏజెంట్ నుంచి కావాల్సింది ఒక ఉత్తరమూ, సంతకం కాని ఒప్పందం నకలూ. ఉత్తరంలో ఇంటి పూర్తి చిరునామా, గదుల సంఖ్య, అద్దె, డిపాజిట్, చేరే తేదీ, డబ్బు వేయాల్సిన ఖాతా వివరాలు ఉండాలి. ఖాతాదారు పేరు ఓనర్ పేరుతోనో ఏజెన్సీ పేరుతోనో కలవాలి. ‘మా బావమరిది ఖాతాకు వేయండి’ అంటే ఆ దరఖాస్తు మోసాల విభాగానికి వెళుతుంది. గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్ ఏడాదిలోపుది, కరెంటు తనిఖీ రిపోర్టు అయిదేళ్లలోపుది, ఇంధన సామర్థ్య సర్టిఫికెట్ కనీసం ఇ గ్రేడుతో ఉన్నాయా చూసుకోండి. చాలా కౌన్సిళ్లు ఇవి లేకుండా డబ్బు విడుదల చేయవు.

మనవాళ్లలో మామూలుగా జరిగే రెండు ఏర్పాట్లు ఇక్కడ చెల్లవు. ఒకటి, అసలు అద్దెదారు నుంచి గది సబ్‌లెట్‌కు తీసుకోవడం: ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుంటే కౌన్సిల్ ఒప్పుకోదు. రెండోది, అన్నయ్యో అమ్మానాన్నలో ఉంటున్న ఇంట్లోనే వాళ్లకు అద్దె కడుతున్నామని చూపడం: ఆ అద్దెకు యూనివర్సల్ క్రెడిట్ రాదు కాబట్టి డిపాజిట్ ప్రశ్నే రాదు.

సంతకం, సొమ్ము, రసీదు

ఎంత ఇస్తారో అంకెతో సహా కౌన్సిల్ రాతపూర్వకంగా చెప్పాకే ఒప్పందంపై సంతకం పెట్టండి. డబ్బు నేరుగా ఓనర్‌కో ఏజెంట్‌కో వెళుతుంది, బ్యాంకులో పడటానికి కొన్ని పనిదినాలు పడుతుంది. శుక్రవారం మధ్యాహ్నం తాళాలు తీసుకునేలా పెట్టుకోకండి. ఆరోజు సొమ్ము పడకపోతే సోమవారం దాకా ఫోనెత్తే ఆఫీసర్ ఉండరు.

హైదరాబాద్‌లో రెండు నెలల అడ్వాన్స్ ఓనర్ చేతిలో పెట్టి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల వదులుకోవడం అలవాటైనవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది: ఇక్కడ డిపాజిట్‌ను ఓనర్ జేబులో వేసుకుని ఊరుకుంటే కుదరదు. డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్ అనే మూడింటిలో ఏదో ఒకదానిలో 30 రోజుల్లోపు నమోదు చేయాలి. ఆ వివరాలు మీకూ, మీ తరఫున డబ్బు కట్టిన కౌన్సిల్‌కూ ఇవ్వాలి. చేయకపోతే డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల వరకు పరిహారం కోర్టు ఇప్పించగలదు. ఖాళీ చేసినప్పుడు ఆ డిపాజిట్ మీకు రావాలా కౌన్సిల్‌కు తిరిగి వెళ్లాలా అన్నది మంజూరు లేఖలో చూసి పెట్టుకోండి. చేరినరోజే గోడలు, ఓవెన్, కార్పెట్ ఫొటోలు తీసి ఏజెంట్‌కు ఈమెయిల్ చేయండి.

ఓనర్‌తో ఒక గదిలో లాడ్జర్‌గా ఉండేవారి డిపాజిట్‌కు ఈ నమోదు రక్షణ వర్తించదు. అక్కడ రసీదే దిక్కు.

చేరిన రోజు చేయాల్సిన పని

యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలోని జర్నల్‌లో చిరునామా, అద్దె మార్పు అదే రోజు నమోదు చేయండి. ఆ బెనిఫిట్ మీ నెలవారీ అసెస్‌మెంట్ పీరియడ్ చివరిరోజు ఎక్కడున్నారో చూసి మొత్తం నెలకు ఆ ఇంటి అద్దె లెక్కిస్తుంది. పీరియడ్ ముగిసేలోపు చెప్పకపోతే ఆ నెల కొత్త అద్దె చేజారిపోవచ్చు. అప్పుడు కౌన్సిల్ ఇచ్చిన నెల అద్దె అయిపోగానే బాకీ మొదలవుతుంది.

కాదంటే

కారణం రాతపూర్వకంగా అడగండి. హౌసింగ్ పేమెంట్ తిరస్కరిస్తే ట్రైబ్యునల్‌కు అప్పీలు ఉండదు. కౌన్సిల్ లోపలే మళ్లీ పరిశీలించమని కోరాలి, గడువు ఆ లేఖలోనే ఉంటుంది. ‘దయచేసి మళ్లీ చూడండి’ అని రాస్తే అదే జవాబు వస్తుంది. అద్దె ఎక్కువన్నారా, అయితే అదే పేటలో అంతకంటే తక్కువలో దొరకలేదని పది ప్రకటనల స్క్రీన్‌షాట్లు పెట్టండి. ఖర్చు తగ్గించుకోవచ్చన్నారా, కొత్త ఆదాయ వ్యయాల పట్టిక పెట్టండి.

ఇల్లు లేనివారి చట్టం కింద వచ్చిన నిర్ణయమైతే దారి వేరు: 21 రోజుల్లోపు పునఃసమీక్ష కోరాలి. ఆ గడువు దాటితే తిరిగి తెరవడం కష్టం కాబట్టి, లేఖ వచ్చిన వారంలోనే ఉచితంగా సలహా ఇచ్చే షెల్టర్‌ సంస్థకో సిటిజన్స్ అడ్వైస్‌కో చూపించండి. అసలు నిర్ణయమే చెప్పకుండా నెలలు సాగదీస్తుంటే ముందు కౌన్సిల్‌లోనే ఫిర్యాదు నమోదు చేసి, అక్కడి దశలు పూర్తయ్యాక, కౌన్సిళ్లమీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, ఖర్చేమీ ఉండదు.